పది కిలోల రాయి

వికారాబాద్,
10 నవంబరు 2024

చిరంజీవి వైశాలికి నానమ్మ ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్‌లో అరగంట మాట్లాడావు. నాకు వినపడింది సగం. ఆ సగంలో నీ తొందర సగం. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వు కూడా ఇకమీదట కాగితం మీదే రాయి. రాసేటప్పుడు మనిషి నిదానంగా ఆలోచిస్తుంది.

నాకు అర్థమైనది ఇది. మిల్లులో ఉద్యోగం మానేస్తావు. రైతుల దగ్గర నేరుగా కందులు కొని, చిన్న మిషన్ మీద పప్పు చేసి, తాండూరులోనే ప్యాకెట్లు కట్టి అమ్ముతావు. మీ నాన్న గిరీష్ ఇది విని, "పెళ్లి చేయాల్సిన పిల్లకు పప్పు దుకాణమేందమ్మా?" అన్నాడు. పప్పు దుకాణం పెట్టిన పిల్లకు పెళ్లి కాదని ఎక్కడైనా రాసి ఉంటే తెచ్చి చూపించమన్నాను. ఇంకా తేలేదు.

తాండూరు స్టేషన్ దగ్గర మీ తాతయ్య కొన్న షట్టర్ ఖాళీగా ఉంది. రెండేళ్లు అద్దె లేకుండా వాడుకో. అయితే ఊరికే ఇవ్వను. పదిహేను రోజులకు ఒకసారి జమాఖర్చు రాసి పోస్టులో పంపాలి. దుకాణానికి మీ తాతయ్య నాగేశ్వర్ పేరు పెట్టాలి. పేరు కింద 'నిజాయితీ తూకం' అని రాయించాలి.

దుకాణానికి పునాది సిమెంటుతో పడదు, తూకంతో పడుతుంది. మన ధాన్యాల దుకాణం ముప్పై రెండేళ్లు నడిచింది. లెక్కలు మొత్తం నా చేతివే. ఒక్క పైసా అటూ ఇటూ కాలేదు. మీ తాతయ్య ఇనుప తూకం రాళ్లు గిరీష్‌తో పంపుతున్నాను. పది కిలోలవి రెండు, ఐదు కిలోలది ఒకటి, చిన్నవి మూడు. ముప్పై ఒక్క దీపావళులు వాటిని కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టింది నేనే. వాటిని నేల మీద పెట్టకు. పీట వేసి పెట్టు.

వసంత పంచమి నాడు, అంటే ఫిబ్రవరి రెండున, దుకాణం తెరువు. ఆలోగా కొత్త కందులు వచ్చేస్తాయి.

నీ మేలు కోరే,
సత్యమ్మ


తాండూరు,
21 నవంబరు 2024

ప్రియమైన నానమ్మా, నమస్కారం.

రాళ్లు అందాయి. నాన్న వాటిని సంచిలో వేసుకుని రైల్లో తెచ్చాడు. దించేసి నడుం పట్టుకుని, "మా నాయిన పోయి పన్నెండేండ్లయినా ఆయన బరువు నేనే మోస్తున్న" అన్నాడు. పీట వేసే పెట్టాను.

షట్టర్‌లో నేల చదును చేయించి బండలు పరిపించాను. పప్పు మిషన్‌కు అడ్వాన్సు ఇచ్చాను. జమాఖర్చు వేరే కాగితం మీద జతచేశాను. చాయల ఖర్చు కూడా రాశాను, చూసి తిట్టకు.

కందుల కోసం దౌల్తాబాద్ వైపు ఊళ్లు తిరిగాను. అక్కడ అంజలి అని నా వయసు అమ్మాయి ఉంది. పదకొండు మంది ఆడవాళ్లను ఒక సంఘంగా చేర్చింది. మధ్యవర్తి లేకుండా అమ్ముకోవాలని వాళ్లకూ ఉంది. ఈ సంఘం కందులు దొరికితే మొదటి ఏడాదికి నాకు ఇంకెవరి దగ్గరికీ పోయే పని లేదు. దొరకకపోతే మళ్లీ మార్కెట్ యార్డులో దళారీ చెప్పిన ధరకు కొనాలి. అట్లా కొంటే నాకు మిగిలేది పొట్టే.

అన్నీ కుదిరాయి అనుకునే సరికి అంజలి వాళ్ల నాన్న బీరయ్య గొర్రెలు తోలుకుని ఇంటికొచ్చాడు.

"ఎవరి బిడ్డవు?" అన్నాడు.

"వికారాబాద్ నాగేశ్వర్ సేఠ్ మనవరాలిని."

చేతికర్ర గోడకు ఆనించాడు. "హన్మమ్మా, పిల్లకు చాయ పొయ్యి" అని భార్యకు చెప్పి, నాతో, "చాయ తాగు బిడ్డా, మంచిగ పో. కందుల ముచ్చట మాత్రం ఎత్తకు. గా పేరున్న కాడికి మా ఇంటి గింజ రాదు" అన్నాడు.

ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆయన ఒప్పుకోకపోతే మిగిలిన వాళ్లూ ఇవ్వరని అంజలి అంటోంది. నీకేమైనా తెలుసా నానమ్మా?

ఎలక్ట్రానిక్ కాంటా ఒకటి కొన్నాను. వంద కిలోల దాకా తూస్తుంది.

ప్రేమతో,
వైశాలి


వికారాబాద్,
28 నవంబరు 2024

చిరంజీవి వైశాలికి ఆశీస్సులు.

చాయలకు పన్నెండు రోజుల్లో నాలుగు వందల ఇరవై రూపాయలు. ఎవరికి పోశావు, వరసగా రాసి పంపు.

బీరయ్య సంగతి నాకు బాగా తెలుసు. తెలియకపోయినా నా పుస్తకాలకు తెలుసు. ఇనుప పెట్టె తెరిచి వెతికాను. 1991 ఫిబ్రవరి 14 పుటలో ఉంది. అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ దించుతున్నాను: 'దౌల్తాబాద్ బీరయ్య తూకంపై పేచీ పెట్టాడు. ఇంటి దగ్గర నలభై ఒక్క కిలోల చిల్లర ఉన్నవి, ఇక్కడ నలభై అయ్యాయంటాడు. లెక్క మూడుసార్లు సరిచూశాను. తప్పు అతనిదే.'

అప్పటికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లవాడు. తండ్రి వెంట వచ్చాడు. ఏడో తరగతి దాకా చదివానని గర్వం. ఉన్ని తూచే తరాజులో ఇంటి దగ్గర తూచుకుని వచ్చాడట. దుకాణం నిండా జనం ఉండగా, "మీ కాడ తూకం తక్కువొస్తున్నది" అన్నాడు. మీ తాతయ్య ఏమీ అనలేదు, ఆయన మెత్తని మనిషి. నేనే లేచి వచ్చాను. హెచ్చెస్సీలో లెక్కలకు నూటికి తొంభై ఒకటి తెచ్చుకున్నదాన్ని. అంత లెక్క వచ్చిన వాడివైతే పదమూడో ఎక్కం చెప్పమన్నాను. పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయాడు. అందరూ నవ్వారు. వాళ్ల నాన్న దండం పెట్టి కొడుకును ఈడ్చుకుపోయాడు. ఆ తర్వాత వాళ్లు మన గడప తొక్కలేదు.

తన తప్పు తాను ఒప్పుకోలేని మనిషితో వ్యాపారం పెట్టుకోవద్దు. వేరే ఊరు చూసుకో.

ఇక నీ కరెంటు కాంటా సంగతి. అమ్మినవాడు చెప్పాడని నమ్మి వాడకు. మీ తాతయ్య రాళ్లు ఒక్కొక్కటే దాని మీద పెట్టి చూడు. పది అంటే పది చూపాలి. చూపిన అంకెలు రాసి పంపు.

నీ మేలు కోరే,
సత్యమ్మ


తాండూరు,
6 డిసెంబరు 2024

ప్రియమైన నానమ్మా, నమస్కారం.

నువ్వు చెప్పి ఉండకపోతే మోసపోయేదాన్ని. పది కిలోల రాయి పెడితే కాంటా 10.300 చూపింది. రెండో పది కిలోల రాయికీ 10.300. ఐదు కిలోల రాయికి 5.150. కొత్త మిషన్‌కే ఇంత తేడా. వెంటనే ఆటోలో వేసుకుని కొన్న దుకాణానికి తీసుకుపోయాను. అతను, "మిషన్ మంచిగనే ఉన్నది మేడం, మీ రాళ్లే చూసుకోండ్రి" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "అవి మా తాతయ్య రాళ్లు" అన్నాను. వేరే మిషన్ ఇస్తానన్నాడు. నాలుగు రోజులు పడుతుందట.

చాయల జాబితా జతచేశాను. తాపీమేస్త్రీకి రోజుకు మూడు. అతను చాయ లేకపోతే బండ ఎత్తడు.

బీరయ్య గురించి నువ్వు రాసింది చదివాను. అంజలికి కూడా చెప్పాను. పదమూడో ఎక్కం నాకూ రాదు నానమ్మా. ఎవరికీ చెప్పకు.

ప్రేమతో,
వైశాలి


వికారాబాద్,
10 డిసెంబరు 2024

చిరంజీవి వైశాలికి ఆశీస్సులు.

చూశావా? అందుకే అన్నాను, పునాది రాయి అంటే అట్లా ఉండాలి. యాభై ఏళ్ల నాటి రాయి నిన్న పుట్టిన మిషన్ తప్పును పట్టింది. మన రాళ్లను చూసుకోమన్న ఆ కాంటాల మనిషికి నా తరఫున చెప్పు, మేము నీకంటే ముందు నుంచీ తూస్తున్నామని.

కొత్త మిషన్ రాగానే మళ్లీ చూడు. ఈసారి చిన్న రాళ్లు కూడా పెట్టి చూడు. అన్నీ సరిపోతేనే డబ్బు కట్టు.

పదమూడో ఎక్కం రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి చదువు.

నీ మేలు కోరే,
సత్యమ్మ


తాండూరు,
19 డిసెంబరు 2024

ప్రియమైన నానమ్మా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

కొత్త మిషన్ వచ్చింది. వేరే కంపెనీది. పది కిలోల రాయికి 10.300 చూపింది.

అప్పుడు నువ్వు చెప్పినట్టు చిన్న రాళ్లు పెట్టాను. రెండు కిలోల రాయికి 2.000. కిలో రాయికి 1.000. అర కిలోకు 0.500. వెంట్రుక వాసి తేడా లేదు. అదే మిషన్ నానమ్మా, అదే బల్ల మీద. చిన్న రాళ్ల దగ్గర నిజం చెప్పే మిషన్ పెద్ద రాళ్ల దగ్గర అబద్ధం ఎందుకు చెబుతుంది?

నేను పనిచేసిన మిల్లుకు తీసుకుపోయి అక్కడి కాంటా మీద కూడా పెట్టాను. అంతే వచ్చింది. అక్కడి పాత గుమాస్తా కుమారస్వామి రాయిని తిరగేశాడు. అడుగున చిన్న గుంట ఉంటుంది, దాంట్లో సీసం నింపి మీద సర్కారు ముద్ర వేస్తారట. మన పెద్ద రాళ్లకు ఆ గుంటను తొలిచి పెద్దది చేసి, నిండా సీసం పోశారు. ముద్ర లేదు. కుమారస్వామి నా మొహం చూసి, "ఇవి కొనే రాళ్లు బిడ్డా. అమ్మే రాళ్లు సక్కగుంటయి" అని, పోయి తన కుర్చీలో కూర్చున్నాడు.

అంటే రైతు పది కిలోల మూడు వందల గ్రాములు పోస్తే గానీ తరాజు సమంగా నిలబడదు. రాసేది పది.

ఇది తాతయ్యకు తెలియకుండా ఎవరో చేసి ఉంటారు. నేను ఈ రాళ్లను ఇనుప సామాను వాడికి వేసేస్తాను. ఎవరికీ చెప్పను, నాన్నకు కూడా. నువ్వు మనసులో పెట్టుకోకు. మందులు వేళకు వేసుకో.

నీ
వైశాలి


వికారాబాద్,
24 డిసెంబరు 2024

వైశాలీ,

ఉత్తరం అందింది.

రాళ్లు ఎవరికీ వేయకు. ఉన్నచోట ఉండనీ. పీట మాత్రం తీసేయి.

తుప్పు పట్టి బరువు పెరిగిందేమో అని ఒక పూట అనుకున్నాను. పెరగదు. నాకు తెలుసు.

ఈ పదిహేను రోజులకు లెక్కలు పంపనక్కర్లేదు.

సత్యమ్మ


వికారాబాద్,
6 జనవరి 2025

చిరంజీవి వైశాలికి,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పే స్థితిలో లేను. నువ్వే అర్థం చేసుకో. అన్నం తింటున్నాను, మందులు వేసుకుంటున్నాను. అక్షరాలు ఎప్పటిలా లేవు, నువ్వు గమనించే ఉంటావు.

ముప్పై రెండు పుస్తకాలూ మంచం మీద పరిచాను. పన్నెండు రోజులు చదివాను. నేను కనిపెట్టింది నీకు చెప్పాలి. చిన్నపిల్లకు కూడా అర్థమయ్యే లెక్క అది. నాకే అర్థం కాలేదు.

మనం కందులు దుకాణంలో తరాజు మీద తూచి కొనేవాళ్లం. లారీలో తాండూరు మిల్లులకు పంపేవాళ్లం. అక్కడ లారీ మొత్తాన్ని తూచే పెద్ద కాంటా ఉండేది. దాంట్లో ఎవరూ సీసం పోయలేరు. కొన్నప్పుడు కందులు పచ్చిగా ఉంటాయి, ఎండాక బరువు తగ్గుతాయి. కాబట్టి కొన్నదానికంటే అమ్మింది తక్కువ ఉండాలి. 1974లో, మొదటి ఏడాది, అట్లాగే ఉంది. రెండు క్వింటాళ్లు తరుగు.

రెండో ఏడాది నుంచి తరుగు లేదు. పెరుగుదల ఉంది. 1987లో కొన్నది నాలుగు వందల పన్నెండు క్వింటాళ్లు, అమ్మింది నాలుగు వందల పంతొమ్మిది. ఎండిన గింజ ఏడు క్వింటాళ్లు పెరిగింది! ఒక్క ఏడాది కాదు, ముప్పై ఒక్క ఏళ్లు.

ఆ పెరిగినదాన్ని నేను ఏ పద్దు కింద రాశానో తెలుసా? 'అమ్మవారి కలిమి.' రెండో ఏడాదే నేను దీపావళికి తూకం రాళ్లకు పూజ చేయడం మొదలుపెట్టాను. పూజ చేసిన ఏడాదే సరుకు పెరిగింది. లక్ష్మీదేవి మన ఇంట కాలు పెట్టిందనుకున్నాను. ప్రతి దీపావళికి ఆ అంకె ఎర్ర సిరాతో రాసి, చుట్టూ పసుపు బొట్లు పెట్టాను. అందులోంచి ఒక బస్తా పప్పు చేయించి గుడికి పంపేదాన్ని. తొంభై ఒక్క మార్కులు తెచ్చుకున్నదాన్ని, గింజ ఎండితే తరుగుతుందని తెలిసినదాన్ని, దేవత పేరు పెట్టి ఆ అంకెను దాటేశాను. ఒక పైసా తేడా వస్తే దీపం పెట్టుకుని వెతికిన నేను, ఏడు క్వింటాళ్ల తేడాకు హారతి ఇచ్చాను.

మనకు తూకం వేసిన మల్లయ్య నీకు గుర్తున్నాడా? ఇప్పుడు మార్కెట్ వెనక మనవడి కిరాణా కొట్లో కూర్చుంటున్నాడు. నిన్న పిలిపించాను. నీ ఉత్తరం చదివి వినిపించాను. తల వంచుకున్నాడు.

"ఇంత కాలానికి గా ముచ్చట ఎందుకమ్మా?" అన్నాడు.

"ఎవరు పోశారు మల్లయ్యా?"

"పోసింది నేనే. పొయ్యమన్నది అయ్య. మొదటేడు నష్టమొచ్చింది గద, గప్పుడు. ముద్ర ఏపించే రాళ్లు ఏరే ఉంటుండె. తనిఖీకి వచ్చినోళ్లకు గవి సూపెడ్తుంటిమి."

"నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. వైశాలీ, ఆ చూపు నేను మరిచిపోలేను. అతనికి నిజంగా అర్థం కాలేదు.

"మీకు తెల్వదా అమ్మా?" అన్నాడు. "పుస్తకం రాసేది మీరు. తరగాల్సిన సరుకు ఏడాదేడాది పెరుగుతుంటే మీకు తెల్వకుండ ఎట్లుంటదనుకున్నం. అయ్య గూడ గట్లనే అనుకున్నడు. 'మా ఇంటామెకు అన్నీ ఎరికే, నోరు మెదపది, గట్టి మనిషి' అని మస్తు మెచ్చుకుంటుండె."

ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి నన్ను ఒకే ఒక్క విషయంలో మెచ్చుకున్నాడని నాకు నిన్న తెలిసింది. ఆ విషయం ఇదే.

మీ నాన్నకు చెప్పాను. "పోయిన మనిషిని ఇప్పుడు బజారుకు గుంజుతవా అమ్మా? వదిలెయ్" అన్నాడు.

సత్యమ్మ


తాండూరు,
13 జనవరి 2025

ప్రియమైన నానమ్మా,

నీ ఉత్తరం చదివి మిషన్ దగ్గర నేల మీద కూర్చుండిపోయాను. కరెంటు పని చేసే అతను పాము కుట్టిందేమో అనుకుని నీళ్లు తెచ్చాడు.

ఒక్క మాట అడగాలి. ఈ షట్టర్ ఏ ఏడాది కొన్నది? ఆ కలిమితోనే కొన్నదా? రోజూ తాళం తీస్తుంటే ఇదే ప్రశ్న. నేను పరిపించిన బండల కింద ఎవరి కందులు ఉన్నాయో అనిపిస్తోంది.

బోర్డు వచ్చేసింది. 'నాగేశ్వర్ పప్పు. నిజాయితీ తూకం.' పెద్ద అక్షరాలు. గోడకు తిప్పి ఆనించాను. పప్పు మిషన్‌కు కట్టాల్సిన రెండో వాయిదా ఈ నెలాఖరుకు. కొత్త కందులు కోతకు వచ్చాయి. అంజలి నిన్న ఫోన్ చేసి, "మా నాయినకు ఏదో ఒకటి జల్ది చెప్పక్కా, దళారి ఇంటి చుట్టు తిరుగుతున్నడు" అంది. ఆమెకు ఏం చెప్పను? తూకం గురించి వాళ్ల నాన్న చెప్పింది నిజమే అని చెబితే మన ఇంటి పరువు పోతుంది. చెప్పకపోతే కందులు రావు. వచ్చినా ఆ కందులు నేను ఏ మొహంతో తూచను?

మిల్లులో నా పాత ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉందట. తిరిగి వెళ్లిపోనా నానమ్మా? నువ్వు ఏం చెబితే అది చేస్తాను. త్వరగా రాయి.

నీ
వైశాలి


వికారాబాద్,
25 జనవరి 2025

ప్రియమైన వైశాలికి,

షట్టర్ 1989లో కొన్నది. అవును, ఆ కలిమితోనే. నువ్వు అడిగిన దానికి మొదట జవాబు చెప్పి మిగిలింది రాస్తున్నాను.

నిన్న దౌల్తాబాద్ వెళ్లి వచ్చాను. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు. మీ నాన్న రానన్నాడు. మల్లయ్య వచ్చాడు. "సీసం పోసిన చెయ్యి నాది గూడ ఉన్నది గదమ్మా" అని చేతికర్ర పట్టుకుని పొద్దున్నే గుమ్మం ముందు నిలబడ్డాడు. పరిగి దాకా ఒక బస్సు, కొడంగల్‌కు ఇంకొకటి, అక్కడి నుంచి ఆటో. ఇద్దరికీ కలిపి నూట యాభై ఏళ్ల వయసు. 1991 పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

బీరయ్య ఇంటి ముందు గొర్రెపిల్లలకు ఆకు వేస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. ముప్పై నాలుగేళ్ల తర్వాత కూడా నన్ను చూసి లేచి నిలబడ్డాడు, అది గమనించు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"బీరయ్యా, ఆ రోజు నువ్వు చెప్పింది నిజం. మా రాయి పది కిలోల మూడు వందల గ్రాములు. నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన దాన్ని. పదిమందిలో నిన్ను అవమానించాను" అన్నాను. ఈ మాటలు దారి పొడవునా మనసులో రాసుకున్నవే.

లోపల్నుంచి హన్మమ్మ, అంజలి బయటికి వచ్చి నిలబడ్డారు. నేను తిడతాడని అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే నాకు లెక్కలొస్తయా అమ్మా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. హన్మమ్మ చెప్పింది. ఆ రోజు ఇంటికి పోయాక వాళ్ల నాన్న, "సదువుకున్న అమ్మ పుస్తకం సూసి చెప్తుంటే ఎదురు మాట్లాడుతవార" అని కొట్టాడట. అప్పటి నుంచి బీరయ్య ఏదీ లెక్కపెట్టలేదట. గొర్రెలు అమ్మినా, ఉన్ని అమ్మినా, "నాకు లెక్కలు రావు, నువ్వే సూడు" అని డబ్బు హన్మమ్మ చేతిలో పెట్టేవాడట. బిడ్డ అంజలి బడి పుస్తకం పట్టుకుని లెక్క అడిగితే లేచి గొర్రెల దగ్గరికి పోయేవాడట. "మా ఆయనకు మంద ఎంతున్నదో మొఖాలు సూసి ఎరికే గానీ, అంకె చెప్పడు" అంది. నవ్వుతూనే అంది.

వైశాలీ, నేను ఇన్ని రోజులూ కందులే లెక్కపెడుతున్నాను. మన రాయి అతని దగ్గర కొన్ని కిలోల గింజ తీసుకుంది. నేను తీసుకున్నది ఏ పుస్తకంలోనూ లేదు.

అతని దగ్గర కొన్నవాటి లెక్క కాగితం మీద రాసుకుని తీసుకుపోయాను. తండ్రితో కలిసి ఆరేళ్లలో ఆరుసార్లు వచ్చాడు. ఎక్కువ తీసుకున్న దానికి డబ్బు ఇవ్వబోయాను. చేయి వెనక్కు పెట్టుకున్నాడు. "పైసలు కాదమ్మా. గా పుస్తకంల తప్పు నాదని రాసిండ్రని మీ మనవరాలు మా అంజలికి చెప్పిందంట. గది కొట్టెయ్యుండ్రి" అన్నాడు.

పుస్తకం తెరిచాను. నా పుస్తకాల్లో కొట్టివేత ఒక్కటీ లేదని నీకు ఎన్నిసార్లు చెప్పానో గుర్తుందా? మంచం మీద పెట్టి, అతని ముందే, 'తప్పు అతనిదే' అన్న మాటలు కొట్టేశాను. పక్కన 'తప్పు నాది' అని రాసి సంతకం, తేదీ వేశాను. అతన్ని కూడా సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. చక్కని దస్తూరి.

తర్వాత నా లెక్క కాగితం చూడమని ఇచ్చాను. నూట ఇరవై, ఎనభై, నూట యాభై, తొంభై, నూట పది, చివరిసారి నలభై. కింద ఐదు వందల డెబ్బై అని కూడి, దాని మీద మన రాయి తిన్నది పదిహేడు కిలోల వంద గ్రాములని రాశాను. అతను కాగితం దూరంగా పట్టుకుని, వేలితో ఒక్కో అంకె మీద ఆగుతూ కిందికి వచ్చాడు. చివర ఆగిపోయాడు. మళ్లీ పైనుంచి వచ్చాడు. తర్వాత హన్మమ్మను పక్కకు పిలిచి చెవిలో ఏదో అన్నాడు.

"నాకు చెప్తవేంది? గామెకే చెప్పరాదు" అంది హన్మమ్మ.

"అమ్మా," అన్నాడు నేల చూస్తూ, "గీడ ఐదు వందల డెబ్బై గాదేమో. తొంభై అయితది."

నేను చూశాను. తొంభై. ఇంటి దగ్గర మూడుసార్లు సరిచూసిన కూడిక అది. పదిహేడు కిలోల ఏడు వందల గ్రాములు కావాలి. మల్లయ్య నోరు తెరిచి నన్ను చూస్తున్నాడు. అంజలి కాగితం లాక్కుని కూడి, "నాయినా, సరిగ్గ చెప్పినవ్!" అని అరిచింది. గొర్రెపిల్లలు బెదిరి చెదిరిపోయాయి. బీరయ్య వాటి వెంట పడ్డాడు. మొహం దాచుకోవడానికి పోయాడని నాకు తెలుసు. అప్పుడు నేను మంచం మీద కూర్చున్నాను. హన్మమ్మ ఇచ్చిన చాయ తాగాను.

ఇక నీ ప్రశ్న. ఉద్యోగానికి పోవద్దు. దుకాణం తెరువు. బోర్డు మీద తాతయ్య పేరు తీయించి నీ పేరు రాయించు. నిజాయితీ అన్న మాట ఎక్కడా వద్దు. కాంటా అంకెలు కనపడే వైపు రైతుకు తిప్పి పెట్టు. అతను చదివి చెప్పాకే నువ్వు రాయి. ఆ ఊళ్ల వాళ్లు పది కిలోలు పోస్తే పది కిలోల మూడు వందల గ్రాములకు డబ్బు ఇవ్వు. అట్లా ముప్పై ఒక్క ఏళ్లు. షట్టర్ ఉచితం కాదు, దాని అద్దె ఇదే. ఎందుకు ఎక్కువ ఇస్తున్నావని ఎవరు అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పు. మన పరువు ఆ మూడు వందల గ్రాములతోనే పోయింది, ఇప్పుడు కొత్తగా పోయేది లేదు. మీ నాన్న అలుగుతాడు. అలగనీ.

ఆ పెద్ద రాళ్ల మీద తెల్ల రంగుతో వాటి అసలు బరువు రాయించి గుమ్మం దగ్గర పెట్టు. తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపుతాయి.

వసంత పంచమి నాడు పొద్దున ఎనిమిదింటికి మల్లయ్యతో వస్తాను. సంఘం వాళ్లు కందులు తెస్తున్నారు. మొదటి బస్తా బీరయ్య తూచి అంకె పైకి చదువుతాడు. ఒప్పుకున్నాడు. అతను చదివిన అంకె నేను పుస్తకంలో రాస్తాను. నువ్వు పక్కన నిలబడి సరిచూడు.

నా లెక్కలో తప్పు పట్టిన మొదటి మనిషి బీరయ్య, నిన్న పట్టాడు అని పైన ఒక వాక్యం రాశాను. మళ్లీ చదివి కొట్టేశాను. ఆ కొట్టివేత నీకు కనబడుతూనే ఉంటుంది. అతను పట్టింది నిన్న కాదు.

నీ నానమ్మ,
సత్యమ్మ